పుంజా, పెట్టా? బాంటమ్ పిల్లల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. కావలి నుంచి ఒంగోలు దాకా మిద్దెల మీద, పెరళ్లలో బాంటమ్ కోళ్లు, అంటే మామూలు వాటికంటే బాగా చిన్నగా ఉండే రకాలు, పెంచే ఇళ్లు పెరిగాయి. కొనేటప్పుడు పిల్లలు ముద్దుగా ఉంటాయి, నెల తిరిగేసరికి అసలు ప్రశ్న మొదలవుతుంది, వీటిలో పుంజులెన్ని, పెట్టలెన్ని అని. అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి పెట్టి ఈసారి దీని గురించే రాస్తున్నాను.

ప్రశ్న: అన్నా, ఫ్యాన్సీ కోళ్లు అమ్మే ఒకాయన దగ్గర ఎనిమిది బాంటమ్ పిల్లల్ని రోజు పిల్లలుగా (గుడ్డులోంచి వచ్చి ఒక్క రోజే అయినవి) తీసుకున్నాం. అన్నీ పెట్టలే ఇస్తానని చెప్పి పిల్లకింతని ఎక్కువ కూడా తీసుకున్నాడు. ఇప్పుడు వాటికి మూడు వారాలు. నాలుగైదింటికి జుట్టు (నెత్తి మీది తోలు తురాయి) లేస్తోంది, మా ఆయనేమో అన్నీ పుంజులే అంటున్నాడు. మిద్దె మీద పెంచుతున్నాం, పొద్దున్నే కూతలు మొదలైతే పక్కింటివాళ్లు ఊరుకోరు. నాకు టెన్షన్‌గా ఉంది. ఎలా తెలుసుకోవాలి?
– ఒక గృహిణి, కావలి

జవాబు: అక్కా, ముందు ఆ గ్యారంటీ సంగతి చూద్దాం. రోజు పిల్లని చేతిలో పట్టుకుని ఇది పెట్టే అని గట్టిగా చెప్పాలంటే గుడ్ల కోళ్ల పిల్లల్ని లేపే పెద్ద లేయర్ హేచరీ అయినా అయ్యుండాలి, ల్యాబులో డీఎన్ఏ పరీక్ష అయినా చేయించాలి. హేచరీల్లో అందుకోసమే తల్లినీ తండ్రినీ ఎంచి కలుపుతారు, లేదంటే అందులో శిక్షణ పొందిన మనుషుల్ని పెట్టుకుంటారు. ఇంట్లో నాలుగు రకాల బాంటమ్‌లని కలిపి పెంచి పిల్లలమ్మే మనిషికి ఈ రెండిట్లో ఏదీ ఉండదు. ఆయన కావాలని మోసం చేశాడని నేననను, కానీ తనకి తెలియని విషయానికి మీ దగ్గర డబ్బు తీసుకున్నాడు, అది న్యాయం కాదు. ఇకముందు ఎవరైనా రోజు పిల్లలకి పెట్ట రేటు అడిగితే ఇవ్వొద్దు. కలిపి మామూలు రేటుకి తీసుకోండి, లేదా కొంచెం ఎక్కువైనా సరే మూడు నెలలు నిండిన పిల్లల్ని మీ కళ్లతో చూసి తీసుకోండి.

ఎనిమిదింటిలో సగం పుంజులు సగం పెట్టలు రావాలని రూలేమీ లేదు. ఒక్కో పిల్లకీ సగం సగం అవకాశం అనుకుని లెక్క వేస్తే, ఎనిమిదింటిలో ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ పుంజులే అయ్యే అవకాశం దాదాపు ఏడింట ఒకటి. అంటే మీ ఆయన అన్నట్టు చాలావరకు పుంజులే అయినా అందులో వింతేమీ లేదు. కానీ మూడు వారాలకే ఆ మాట అనేయడం తొందరే.

మీరు చూస్తున్న గుర్తు మాత్రం సరైనదే. బాంటమ్‌లలో అన్నిటికంటే ముందు తేడా చూపించేది జుట్టే. దానికి కారణం ఉంది. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త చిన్న పుంజుల వృషణాలు తీసేశాడు, వాటికి జుట్టు ఎదగలేదు, కూత రాలేదు, పోట్లాట కూడా లేదు. తీసిన వృషణాన్ని తిరిగి కడుపులో పెట్టిన వాటికి ఇవన్నీ మామూలుగా వచ్చాయి. అంటే జుట్టు పెరగడం, ఎర్రబడటం అనేది లోపల మగ హార్మోన్ పని మొదలుపెట్టిందని బయటికి కనపడే గుర్తు. అందుకే చూడాల్సింది జుట్టు ఉందా లేదా అని కాదు, పెట్టకీ ఉంటుంది. అది ఎంత త్వరగా మందమవుతోంది, రంగు ఎప్పుడు మారుతోంది అన్నది చూడాలి. ఒంటి జుట్టు (రంపంలా ఒకే వరసగా నిలబడేది) ఉన్న రకాల్లో ఐదారు వారాలకి పుంజు పిల్లది లేత ఎరుపుకి తిరిగి, పళ్లు పళ్లుగా పైకి లేస్తుంది, గడ్డం కింద వేలాడే తోలు కూడా కనపడటం మొదలవుతుంది. పెట్ట పిల్లది అప్పటికి ఇంకా పసుపు రంగులో, పొట్టిగా, నెత్తికి అంటుకున్నట్టే ఉంటుంది, చాలా పెట్టలకి గుడ్డుకొచ్చే ముందు దాకా పూర్తిగా ఎర్రబడదు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. నాలుగు రకాలు కలిసిన గుంపులో ఒక రకం పెట్టని ఇంకో రకం పుంజు పక్కన పెట్టి చూస్తారు. కొన్ని రకాల్లో పెట్టలకి కూడా జుట్టు త్వరగా వస్తుంది, కొన్ని రకాల్లో పుంజుకి కూడా ఆలస్యం. కాబట్టి ఒకే రకం, ఒకే రోజు పిల్లల్ని మాత్రమే ఒకదానితో ఒకటి పోల్చండి. కడుపులో ఏలికపాములు పడి గానీ, సరిగా మేత అందక గానీ నీరసంగా ఉన్న పుంజు పిల్ల జుట్టు పాలిపోయి ఉంటుంది, దాన్ని చూసి పెట్ట అనుకునే ప్రమాదం ఉంది. నేనైతే ఒక్కో పిల్ల కాలికి ఒక్కో రంగు దారం వదులుగా కట్టి, వారానికోసారి తల పక్కనుంచి ఒక ఫోటో, వీపు పైనుంచి ఒక ఫోటో తీసి పెట్టుకోమంటాను. రోజూ చూసే కంటికి తెలియని తేడా నాలుగు వారాల ఫోటోలు వరసగా పెడితే తెలిసిపోతుంది. దారం మాత్రం ప్రతివారం విప్పి మళ్లీ వదులుగా కట్టాలి, బాంటమ్ కాళ్లు సన్నగా ఉన్నా త్వరగా లావెక్కుతాయి, మర్చిపోతే తోలు కోసుకుపోతుంది.

జుట్టు తర్వాత ఈకలు. ఎనిమిది వారాలు దాటాక, కొన్నిటికి పన్నెండు దాకా కూడా పట్టొచ్చు, నడుం మీద తోక మొదలయ్యే చోట ఈకల్ని వేళ్లతో విడదీసి చూడండి. పుంజుకి అక్కడ కొత్తగా వచ్చే ఈకలు సన్నగా, పొడుగ్గా, కొన మొనదేలి, మెరుస్తూ ఉంటాయి. పెట్టకి కొన గుండ్రంగా ఉంటుంది. మెడ మీద ఈకలు కూడా అంతే. నా దృష్టిలో జుట్టు కంటే ఇదే గట్టి గుర్తు, ఎందుకంటే మేత వల్లా నీరసం వల్లా జుట్టు మారినట్టు ఈక కొన ఆకారం మారదు. నడుం మీద మొన ఈక కనపడితే చాలావరకు సందేహం వదిలేయొచ్చు, ఒకట్రెండు రకాల్లో తప్ప, వాటి సంగతి కింద ఒంగోలు తమ్ముడికి రాశాను.

రెండు పిల్లలు ఛాతీలు ఎగరేసి ఎదురెదురుగా నిలబడితే రెండూ పుంజులే అనుకుంటారు చాలామంది. కాదు. మూడు నాలుగు వారాల వయసులో పెట్ట పిల్లలు కూడా అలాగే నిలబడతాయి, ఎవరు పెద్దో తేల్చుకోవడం వాటికీ కావాలి. గద్ద నీడ పడినప్పుడు తలెత్తి నిలబడేది పుంజు, నక్కేది పెట్ట అని ఇంకో మాట ఉంది, పెద్ద పుంజుల విషయంలో అందులో కొంత నిజం ఉన్నా పిల్లల్లో దాన్ని నమ్ముకోవడానికి లేదు.

కూత సంగతి కూడా చెప్తాను, మీ అసలు భయం అదే కదా. బాంటమ్ పుంజులు మూడు నెలల ప్రాంతంలో కూత మొదలుపెడతాయి, రెండు నెలలకే మొదలుపెట్టేవీ ఉన్నాయి. గొంతు చిన్నదే గానీ సన్నగా, తీక్షణంగా ఉంటుంది, గోడ దాటి వినిపిస్తుంది. రాత్రిపూట గూడు చుట్టూ గోనె పట్టా కప్పి లోపల చీకటిగా ఉంచితే తెల్లవారుజాము కూత కొంచెం ఆలస్యమవుతుంది, గాలి మాత్రం ఆడాలి. పూర్తిగా ఆపడం మన చేతుల్లో లేదు. అందుకని ఆరో వారం కల్లా ఏది పుంజు అని ఒక అంచనాకి వచ్చి, పల్లెలో చోటున్న చుట్టాలెవరినైనా ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

ప్రశ్న: అన్నా, నా దగ్గర సిల్కీ పిల్లలు ఉన్నాయి, నాలుగో నెల నడుస్తోంది, ఇంతవరకూ ఏది ఏదో తెలియట్లేదు. మూడు సెబ్రైట్‌లు కూడా ఉన్నాయి, ఈక ఈకకీ నల్ల అంచు ఉండేవి. వాటికి నడుం మీద మొన ఈకలు ఒక్కదానికీ రాలేదు కాబట్టి మూడూ పెట్టలే అనుకోవచ్చా?
– ఒక కాలేజీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: అనుకోవద్దు తమ్ముడూ. నువ్వు అడిగిన రెండు రకాల్లోనూ ఈకల గుర్తు పనిచేయదు, కాకపోతే కారణాలు వేరు.

సెబ్రైట్‌ని ఇంగ్లాండ్‌లో సర్ జాన్ సెబ్రైట్ అనే ఆయన 19వ శతాబ్దం మొదట్లో తయారు చేశాడు. ఇందులో పుంజుకి కూడా పెట్ట ఈకలే వస్తాయి, మొనదేలిన మెడ ఈకలు ఉండవు, వంపు తిరిగిన పొడుగు తోక ఈకలు కూడా ఉండవు. కోళ్లలో ఈకలు పెట్ట ఈకల్లా గుండ్రంగా రావాలంటే ఆడ హార్మోన్ ఉండాలి, అది లేకపోతే మొనదేలిన పుంజు ఈకలొస్తాయి. సెబ్రైట్ పుంజు చర్మంలోనే మగ హార్మోన్‌ని ఆడ హార్మోన్‌గా మార్చే ఎంజైమ్ ఉంటుంది, అందుకే ఒంట్లో మగతనానికి లోటు లేకపోయినా ఈకలు మాత్రం పెట్టవే. కాబట్టి నీ మూడింటినీ జుట్టు బట్టి, గడ్డం కింద తోలు బట్టి చూడు. దీని జుట్టు వెడల్పుగా, గరుగ్గా ఉండి వెనక ఒక మొన తేలుతుంది, పుంజుది పెట్ట దానికంటే బాగా పెద్దది. కాళ్లు లావుగా ఉండటం, నిటారుగా ఛాతీ ఎత్తి నిలబడటం కూడా కొంత సాయం చేస్తాయి.

సిల్కీకి మామూలు ఈకల్లో పోగుల్ని పట్టి ఉంచే చిన్న కొక్కేలు ఉండవు, పోగులు విడిపోయి వెంట్రుకల్లా కనిపిస్తాయి. ఇక కొన మొనదేలిందా గుండ్రంగా ఉందా అని చూడటానికి వీలెక్కడ? చూడాల్సిన చోట్లు రెండున్నాయి. ముక్కు పైన నల్లెరుపు రంగులో ముద్దగా ఉండే జుట్టు పుంజు పిల్లకి ముందు వెడల్పవుతుంది. తల మీద ఈకల కుచ్చు పెట్టకి గుండ్రంగా దూది ఉండలా నిలబడుతుంది, పుంజుకి దానిలోంచి సన్నటి పొడుగు పోగులు వెనక్కి జారి కనపడతాయి. నాలుగో నెలలో ఇవి అప్పుడప్పుడే మొదలవుతుంటాయి. కచ్చితంగా తెలియడానికి ఆరో నెల దాకా, ఒక్కోసారి గుడ్డు పెట్టేదాకానో కూసేదాకానో ఆగాల్సిందే. ఒక పుంజు పెత్తనం చేస్తున్న గుంపులో రెండో పుంజు భయపడి కూయకుండా ఉండిపోతుంది, కాబట్టి కూయనిదల్లా పెట్ట అని కూడా అనుకోకు. తొందరగా తేలాలి, ఎవరికో జతగా ఇవ్వాలి అంటే పెంపుడు పక్షులకి డీఎన్ఏ పరీక్ష చేసే ల్యాబులున్నాయి, నాలుగు ఈకలు పీకి పంపితే చాలు. సిల్కీ ధరకి ఆ ఖర్చు కొందరికి గిట్టుబాటవుతుంది.

ప్రశ్న: మొనదేలిన గుడ్లలో పుంజులు, గుండ్రటి గుడ్లలో పెట్టలు వస్తాయని మా అమ్మ ఎప్పుడూ అలాగే ఏరి పొదగేసేది. మా కోడలు అదంతా ఉత్తిదే అంటోంది. మీరేమంటారు?
– ఒక పెద్దాయన, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: పెద్దాయనా, ఈ విషయంలో మీ కోడలి మాటే నిజం. కోళ్లలో పిల్ల ఆడో మగో నిర్ణయమయ్యేది తల్లి వైపు నుంచి, మనుషుల్లో తండ్రి వైపు నుంచి అయినట్టు. పచ్చసొన ఇంకా పెంకు మొహం చూడకముందే, తల్లి లోపల విడుదలయ్యే సమయానికే అది తేలిపోతుంది. పెంకు ఆ తర్వాత గర్భాశయంలో ఇరవై గంటల దాకా పడుతూ పడుతూ ఏర్పడుతుంది, దాని ఆకారం ఆ పెట్ట ఒడ్డూ పొడుగూ, వయసు, కండరాల బిగువు మీద ఆధారపడుతుంది. ఒకే పెట్ట గుడ్లన్నీ ఇంచుమించు ఒకే ఆకారంలో ఉంటాయి, మొన గుడ్లు పెట్టే పెట్టకి అన్నీ పుంజులే పుట్టాలిగా మరి! గుడ్డు మీద దారంతో ఉంగరం వేలాడదీసి అది గుండ్రంగా తిరిగితే పెట్ట, ముందుకీ వెనక్కీ ఊగితే పుంజు అనే పద్ధతి కూడా ఇలాంటిదే.

అయితే అమ్మగారు గుడ్లు ఏరి పొదగేయడంలో ఒక మేలు జరిగే ఉంటుంది. మరీ పొడుగ్గా, మరీ గుండ్రంగా, గరుకు పెంకుతో ఉన్నవి తీసేస్తే పిల్లలు బాగా లేస్తాయి. అది ఇప్పటికీ చేయాల్సిన పనే. బాంటమ్ గుడ్లయితే 21 రోజుల దాకా ఆగక్కర్లేదు, చాలావాటికి 19, 20 రోజులకే పిల్ల పెంకు పగలగొడుతుంది, ఆ మూడు రోజులూ తల్లిని కదపకండి.

ప్రశ్న: సార్, యూట్యూబ్‌లో రోజు పిల్లల్ని వెనకభాగం నొక్కి చూసి ఆడా మగా చెప్పేస్తున్నారు. ఇంకొకాయన రెక్క విప్పి ఈకల పొడుగు చూసి చెప్తున్నాడు. రెండూ ప్రయత్నిద్దామనుకుంటున్నాను. మా బాంటమ్ ఈ వారంలో పిల్లలు లేపుతుంది.
– డిగ్రీ విద్యార్థిని, పొదలకూరు

జవాబు: అమ్మాయ్, మొదటిది దయచేసి చేయొద్దు. ఆ పద్ధతిని 1920లలో జపాన్‌లో మసూయి, హషిమోటో అనే శాస్త్రవేత్తలు ప్రపంచానికి చూపించారు. పిల్ల పుట్టిన మొదటి రోజులోనే వెనకభాగాన్ని వేలితో తెరిచి లోపల గుండుసూది తలంత చిన్న బుడిపె ఉందా లేదా అని చూస్తారు. చాలా పెట్ట పిల్లలకి కూడా ఏదో ఒక బుడిపె ఉంటుంది, అది ఏ రకమో పోల్చుకోవడంలోనే విద్య అంతా ఉంది. ఆ పనిలో ఏళ్ల తరబడి ఆరితేరినవాళ్లు గంటకి వెయ్యి దాకా పిల్లల్ని చూస్తారు, నూటికి తొంభై అయిదుకి పైగా సరిగ్గా చెప్తారు. వీడియో చూసి నొక్కితే పిల్ల పేగులకి దెబ్బ తగులుతుంది, లోపల ఇంకా కరగని పచ్చసొన సంచి పగిలిపోతుంది. పెద్ద జాతి పిల్లకే ఇంత ప్రమాదం, బాంటమ్ పిల్ల అందులో సగం కూడా ఉండదు.

రెక్క పద్ధతి పిల్లకి హాని చేయదు, కానీ మీ పిల్లల్లో అది ఏమీ చెప్పదు. కొన్ని లేయర్, బ్రాయిలర్ జాతుల్లో ఈకలు నెమ్మదిగా వచ్చే జన్యువు ఉన్న పెట్టని, త్వరగా ఈకలొచ్చే పుంజుతో కలిపితే ఆ జతకి పుట్టిన పెట్ట పిల్లలకి మాత్రమే మొదటి రోజే రెక్క ఈకలు పొడుగ్గా ఉంటాయి, పుంజు పిల్లలకి పై వరస కింది వరస సమానంగా ఉంటాయి. తల్లీ తండ్రీ అలా ఎంచి కలిపితేనే ఇది. మీ ఇంటి పుంజు, మీ ఇంటి పెట్ట రెండూ త్వరగా ఈకలొచ్చేవే అయితే పిల్లలన్నిటికీ రెక్క పొడుగ్గానే ఉంటుంది, అన్నీ పెట్టలని సంతోషపడతారు, మూడో నెలలో సగం కూస్తాయి. ఆ వీడియో చేసినాయన ఈ ఒక్క షరతు చెప్పి ఉంటే ఇంతమంది నాకు ఇదే ప్రశ్న రాసేవాళ్లు కాదు.

ఈ వారం మీరు చేయాల్సిన పని పిల్లల్ని వెచ్చగా ఉంచడం. తల్లి ఉంటే అదే చూసుకుంటుంది. బల్బు కింద పెంచితే మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ రండి. మన దగ్గర ఎండాకాలంలో పగలు బల్బు అసలు అక్కర్లేదు, పిల్లలు రెక్కలు దూరంగా పెట్టి నోరు తెరుస్తున్నాయంటే వేడి ఎక్కువైందని.

ప్రశ్న: అన్నా, మా నాటు పందెం పుంజు, బాంటమ్ పెట్ట కలిసి పిల్లలు లేచాయి. ఏడు వారాలైనా ఒక్కదానికీ జుట్టు కనపడట్లేదు. అన్నీ పెట్టలేనా? రెండు డేగ రంగు, ఒకటి తెలుపు, మిగతావి కాకి.
– రైతు, టంగుటూరు

జవాబు: మీరన్న నాటు పందెం జాతి, అంటే మన అసీల్ పుంజుకి ఉండేది పొట్టిగా, మూడు వరసల బుడిపెలుగా నెత్తికి అణిగి ఉండే జుట్టు. ఆ గుణం పిల్లలకి బలంగా దిగుతుంది, కాబట్టి మీ పిల్లల్లో పుంజుకి కూడా ఒంటి జుట్టు లేవదు. మీరు ఎత్తు చూడకండి, వెడల్పూ రంగూ చూడండి. ఏడు వారాలకి మూడు వరసలు విడివిడిగా తెలుస్తూ నడిమి వరస ఎర్రబడితే పుంజు పిల్ల అనుకోవచ్చు, సన్నటి గీతలా పసుపుగా ఉంటే పెట్ట.

మీ అదృష్టం కొద్దీ డేగ రంగువి, అంటే ఎర్రవి, రెండున్నాయి. ఆ రంగులో రొమ్ము చూస్తే చాలు. ఆరు వారాల నుంచి పుంజు పిల్లకి రొమ్ము మీద నల్ల ఈకలు చుక్కలు చుక్కలుగా మొలుస్తాయి, వీపు మీద ఎరుపు ముదురుతుంది, పెట్ట పిల్ల రొమ్ము మాత్రం లేత గోధుమ రంగులోనే ఉండిపోతుంది. కాకి పిల్లలు మొత్తం నలుపే కాబట్టి రంగు సాయం చేయదు, అయితే పదో వారం దాటాక కాకి పుంజు మెడ మీద, నడుం మీద మొన ఈకలు ఆకుపచ్చగా నిగనిగలాడటం ఎండలో బాగా తెలుస్తుంది. తెల్లదానికి జుట్టూ, నడుం ఈకలూ తప్ప దారి లేదు. ఇంకో మాట, మీ పిల్లల్లో అసీల్ పాలు ఉంది కాబట్టి పెట్ట పిల్లలు కూడా పొడుగు కాళ్లతో, నిటారుగా నిలబడతాయి, నిలబడే తీరు చూసి పుంజు అని తేల్చేయకండి.

ప్రశ్న: తెలుపూ నలుపూ అడ్డచారల బాంటమ్ జతకి పిల్లలు లేచాయి. నల్లటి పిల్లల నెత్తిన తెల్ల మచ్చ ఉంది. దాన్ని బట్టి చెప్పొచ్చంటున్నారు, నిజమేనా?
– కోవూరు

జవాబు: నిజమే, తల్లీ తండ్రీ రెండూ చారలవే అయితే. పుంజుకి ఆ చారల జన్యువు రెండు పాళ్లు, పెట్టకి ఒక్క పాలు వస్తుంది. అందుకని పుంజు పిల్ల నెత్తి మచ్చ పెద్దగా, అంచులు చెదిరినట్టు ఉంటుంది, పెట్ట పిల్లది చిన్నగా, చక్కగా ఒక చోట ఉంటుంది. పెట్ట పిల్ల కాళ్ల ముందు వైపు నలుపు ఎక్కువ. ఈకలు వచ్చాక ఇంకా బాగా తెలుస్తుంది, పుంజు మొత్తం మీద తెల్లగా, పెట్ట మొత్తం మీద నల్లగా కనపడుతుంది. మచ్చ ఒక్కటే చూస్తే కొన్ని తప్పుతాయి, రెండు నెలలకి రంగు చూసి సరిచూసుకోండి.

ప్రశ్న: అన్నయ్యా, నాలుగేళ్లుగా గుడ్లు పెట్టిన మా బాంటమ్ పెట్ట ఈ మధ్య గుడ్లు మానేసింది, నెల నుంచి పుంజులా కూస్తోంది. పెట్ట కూస్తే ఇంటికి అరిష్టం, కోసేయమని అత్తయ్య అంటున్నారు. నాకు దాన్ని చంపబుద్ధి కావట్లేదు.
– ఇందుకూరుపేట

జవాబు: చంపొద్దు చెల్లెమ్మా. దాని కూతకీ మీ ఇంటి మంచిచెడులకీ సంబంధం లేదు. పెట్ట కోడికి అండాశయాలు రెండుంటాయి గానీ పనిచేసేది ఎడమదొక్కటే. వయసు వల్లనో, కణితి వల్లనో, జబ్బు వల్లనో ఆ ఎడమది దెబ్బతింటే ఆడ హార్మోన్ తగ్గిపోతుంది, అప్పటిదాకా నిద్రపోతున్న కుడివైపుది మేలుకుని ఒక్కోసారి మగ హార్మోన్ తయారు చేయడం మొదలుపెడుతుంది. జుట్టు పెద్దదవుతుంది, కూస్తుంది, తర్వాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకున్నప్పుడు మొన ఈకలు కూడా వస్తాయి. పుంజు లేని గుంపులో పెత్తనం చేసే పెట్ట ఏ జబ్బూ లేకుండానే కూయడం కూడా ఉంది.

ఈ భయం మన ఒక్కరిదే కాదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 1474లో ఒక పుంజు గుడ్డు పెట్టిందని దాని మీద విచారణ జరిపి, శిక్ష వేసి, గుడ్డుతో సహా కాల్చేశారు. పాపం అది కూడా ఇలా ఈకలు మారిన పెట్టే అయ్యుంటుందని నా నమ్మకం. అత్తయ్యగారికి ఈ విషయం నెమ్మదిగా చదివి వినిపించండి. మీ పెట్ట మేత తింటూ, తిరుగుతూ ఉంటే దాని మానాన దాన్ని ఉండనివ్వండి. పొట్ట ఉబ్బడం, నడవలేకపోవడం కనపడితే మాత్రం పశువైద్యుడికి చూపించండి.

ప్రశ్న: సైకిల్ మీద అమ్మొచ్చిన రంగుల కోడిపిల్లల్ని మా పాప కొనిపించుకుంది, అమ్మినాయన బాంటమ్‌లే అన్నాడు. ఇవి పెట్టలేనా? ఇంట్లో వేరే కోళ్లున్నాయి, వాటితో కలిపేయొచ్చా?
– అల్లూరు

జవాబు: అవి బాంటమ్‌లు కావు, పెట్టలూ కావు. లేయర్ హేచరీల్లో మొదటి రోజే పెట్ట పిల్లల్ని వేరు చేశాక మిగిలిపోయే పుంజు పిల్లలే చాలావరకు అలా గులాబీ, పచ్చ రంగుల్లో ముంచి అమ్మకానికొస్తాయి. నెలలో రంగు పోయి తెల్ల ఈకలొస్తాయి. ఆ పిల్లలకి రంగు పూయడమే నాకు బాధగా ఉంటుంది, చాలావాటికి చలి పట్టి వారం తిరగకుండానే పోతాయి. పాప ముచ్చటపడింది కాబట్టి వెచ్చగా ఉంచి బతికించే ప్రయత్నం చేయండి. ఇంటి కోళ్లతో మాత్రం మూడు వారాల పాటు కలపొద్దు, మేత గిన్నె, నీళ్ల గిన్నె కూడా వేరే పెట్టండి, పాప వాటిని పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని పిల్లల్ని నేరుగా గుంపులో వదలడం ఎప్పుడూ మంచిది కాదు.

ప్రశ్న: పదకొండు బాంటమ్ పిల్లల్లో ఏడు పుంజులు తేలాయి. ఇప్పుడు మూడున్నర నెలలు. పెట్టల వీపు మీద ఈకలు పీకేస్తున్నాయి. ఏం చేయాలి? సంక్రాంతికి చిన్న పందేలకి ఇమ్మని ఊళ్లో ఒకరిద్దరు అడుగుతున్నారు.
– ఆత్మకూరు

జవాబు: పందేలకి ఇవ్వకండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం కోళ్లని పోట్లాడించడం నేరం, అది పక్కన పెట్టినా ఇంట్లో గింజలేసి పెంచిన బాంటమ్‌ని ఆ కత్తుల మధ్యకి పంపడానికి మనసెలా ఒప్పుతుంది.

నాలుగు పెట్టలకి ఏడు పుంజులు అంటే ఆ పెట్టలకి నరకమే. ఎనిమిది పది పెట్టలకి ఒక పుంజు చాలు. వాటిలో ఒకదాన్ని ఉంచుకోండి, ఎంచుకునేటప్పుడు అందం ఒక్కటే చూడకండి, పెట్టలకి గింజ చూపించి పిలిచేది, మనుషుల మీదికి ఎగరనిది ఎంచుకోండి. మిగతా ఆరింటినీ ఈ రోజే పెట్టలకి కనపడని చోట వేరే గూట్లో పెట్టండి. కలిసి పెరిగిన పుంజులు పెట్టలు కనపడకపోతే చాలావరకు సర్దుకుని ఉంటాయి, మొదటి రెండు రోజులు కొంచెం తన్నుకుంటాయి, రక్తం కారేంత అయితే దాన్నొక్కదాన్నీ గంప కింద వేరు చేయండి. మధ్యలో ఒకదాన్ని తీసి వారం తర్వాత మళ్లీ కలిపితే గొడవ మొదటికొస్తుంది, కాబట్టి ఎవరికైనా ఇస్తే ఇచ్చేయండి, తీసి పెట్టడం వద్దు. గుంపులో మేత, నీళ్లు రెండు మూడు చోట్ల ఉంచండి. పెట్టల వీపు ఈకలు పీకిన చోట తోలు చీలితే పసుపు, కొబ్బరినూనె కలిపి రాయండి, కొత్త ఈకలు మొలవడానికి కొన్ని వారాలు పడుతుంది, అప్పటిదాకా మీరు ఉంచుకున్న పుంజుని కూడా వాటితో పగలు కాసేపే వదలండి.